సిలువ బొమ్మలో నిచ్చెనోడు

పటమట, విజయవాడ.
20-1-2002, ఆదివారం.

లాజరుకి,

ఆ రోజు నువ్వు నవ్వావు. నలభై మూడేళ్ళుగా ఈ మాట నా గొంతులో చేపముల్లులాగా ఉంది. మింగలేదు, కక్కలేదు. ఇవ్వాళ కక్కుతున్నా. నాన్న ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే నువ్వు తెర పక్కన నిలబడి నవ్వావు. అదీ రేకు బాకా మూతికి పెట్టుకుని నవ్వావు. కాలవ అవతల ఊళ్ళోకి కూడా వినపడి ఉంటుంది.

గుర్తు లేదంటావేమో, నేనే గుర్తు చేస్తా. యాభై తొమ్మిదో సంవత్సరం, మంచి శుక్రవారం. బసవపున్నయ్యగారి టూరింగ్ టాకీసు మన గరికలంక కాలవగట్టున డేరా వేసింది. నేను ఆపరేటర్ని. నువ్వు కథ చెప్పేవాడివి. అది మూగ బొమ్మ గనక, ఏసుప్రభువు శ్రమలన్నీ నువ్వే తెలుగులో చెప్పాలి. గుడి ఆరాధన అయ్యాక పల్లె మొత్తం తెల్లబట్టల్లోనే వచ్చి ఇసకలో కూర్చుంది. ముందు వరసలో సంఘపెద్ద, మన నాన్న యాకోబు. బొమ్మ సగంలో, ఆడాళ్ళంతా ముక్కులు చీదుతుంటే, ఇంకో బొమ్మ రీలు పడింది. ఆటకి ముందు వేసుకోమని ఆ వారమే కొత్తగా వచ్చిన కామెడీ బిట్టు. నిచ్చెనోడిది.

ఆ తరవాత ఏమయిందో చెప్పనక్కర్లేదు. పై ఆదివారానికి నాన్న పెద్దరికం పోయింది. ఆయన పోయేదాకా పన్నెండేళ్ళు నా మొహం చూళ్ళేదు. నేను గుమ్మంలో కాలు పెడితే దొడ్డిదారిన లేచి వెళ్ళిపోయేవాడు. నా కొడుకు పాల్‌గాడు పుట్టినప్పుడు ఎత్తుకుని తీసుకొస్తే, పిల్లాణ్ణి అమ్మ చేతుల్లోంచి తీసుకుని పాకలోకి పోయాడు గానీ నన్ను కూర్చోమన్లేదు.

సరే, అది పాతది. ఇప్పుడు కొత్తది. మొన్న బెంజ్ సర్కిల్‌లో మందుల షాపు దగ్గర మన రావమ్మ కొడుకు కనపడ్డాడు. గుడికి నూరేళ్ళంట. ఈస్టరుకి నల్లరాయి నిలబెడుతున్నారంట. మొదట్నించీ సంఘపెద్దలుగా చేసినోళ్ళ పేర్లు చెక్కిస్తారంట. పద్నాలుగు పేర్లంట. యాకోబు పేరు లేదంట. లిస్టు రాసిందెవడయ్యా అంటే, "మీ తమ్ముడేగా, గుడి పన్లన్నీ ఆయనేగా చూసేది" అన్నాడు. మందులు తీసుకోకుండానే ఇంటికొచ్చేశా.

ఆ గుడి తిరగ్గట్టినప్పుడు గోడలకి కాలవలోంచి ఇసక మోసింది నాన్న. నువ్వెవడివి తీసెయ్యటానికి?

నేను చదువుకున్నోణ్ణి కాదని నీకు తెలుసు. వాల్‌పోస్టర్లు చూసి అక్షరాలు నేర్చినోణ్ణి. ఈ ఉత్తరానికి రెండాదివారాలు పట్టింది. పాల్ కూతురు డయానా తను రాసిపెడతానంది. వద్దన్నా. తిట్టేది నేనైతే చెయ్యి దానిదెందుకు?

నాకు షుగరు. అరికాళ్ళు మంటలు. నువ్వు అడగవు గనక నేనే రాస్తున్నా.

నాన్న పేరు ఎందుకు లేదో చెప్పు.

ఇశ్రాయేలు,
రిటైర్డు ఆపరేటరు.


గరికలంక,
2-2-2002.

ప్రియమైన అన్నయ్యకి తమ్ముడు లాజరు వందనాలు. మార్త కూడా బావగారికి వందనాలు చెప్పమంది. కాకరకాయ పొడి మజ్జిగలో కలిపి తాగితే షుగరు దిగుద్దని రాయమంది. రాశాను.

నీ ఉత్తరం పోస్టుమేను చేతిలో చూసి, పైన నీ రాత గుర్తుపట్టి, చొక్కా తొడుక్కుని మరీ అందుకున్నాను. సినిమా పేర్లు రాసినట్టు ఒక్కో అక్షరం లావుగా. తిట్లే అయినా నాలుగుసార్లు చదివాను. మార్త "ఏం రాశారేంటి" అంటే "క్షేమమంట" అన్నాను.

అన్నయ్యా, నేను నవ్విన మాట నిజం. కాదనను. బాకా మూతికి ఉందన్న ధ్యాస కూడా లేదు.

ఇంకో మాట కూడా నిజమే, అది నువ్వు రాయలేదు. నీ మంచితనం. ఆ రోజు రీళ్ళ డబ్బాలు సర్దింది నేను. ఐదో క్లాసు చదివానన్న పొగరుతో, ఇంగ్లీషు చీటీలు చదివి ఒకదానిమీదొకటి వరసగా పెట్టాను. పేర్లన్నీ సరిగ్గా చదివాననే అనుకున్నాను. ఎక్కడ తప్పానో ఇప్పటికీ అంతుపట్టదు. బసవపున్నయ్యగారు మర్నాడు నన్ను పొమ్మన్నారంటే అది న్యాయమే. నా తప్పుకి నీకు తలవంపులొచ్చాయి, నాన్నకి కష్టమొచ్చింది. ఇన్నేళ్ళు నీకు ఉత్తరం రాయనిది కోపంతో కాదన్నయ్యా. మొహం చెల్లక. ఎన్నో క్రిస్మసులకి కార్డు కొని, పేరు రాసి, పెట్లో పెట్టేశాను.

ఇక రాయి సంగతి. నాన్న పేరు వద్దన్నది సంఘం కాదు. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు రాద్దామనే అన్నారు. వద్దన్నది నేను. అది నాన్న మాట. పోయేముందు నా చేత బైబిలు మీద చెయ్యి వేయించుకుని చెప్పిన మాట. ఇంతకంటే నన్నడగొద్దు.

ఇక్కడ మినుము బాగుంది. గంట కొట్టేది నేనే గనక చేతులు ఇంకా గట్టిగానే ఉన్నాయి.

నీకో తమాషా చెప్పనా. మన పల్లెలో ఇప్పటికీ ఎవడన్నా నిచ్చెన భుజాన పెట్టుకుని పోతుంటే అరుగులమీద ముసలోళ్ళు "వంగండ్రోయ్!" అని కేకేస్తారు. కుర్రాళ్ళూ అంటారు, ఎందుకంటారో వాళ్ళకి తెలీదు. వాళ్ళ అయ్యలన్నారు గనక వాళ్ళూ అంటారు. ఆ బొమ్మ నువ్వు మళ్ళీ ఎక్కడన్నా చూశావా? అడక్కూడదేమో. అడిగాను.

నీ తమ్ముడు,
లాజరు.


పటమట.
10-2-2002.

లాజరుకి,

కాకరకాయ పొడి తాగా. వాంతయింది. మార్తకి చెప్పు.

డబ్బాల సంగతి నేనడిగానా? అడగంది ఎందుకు రాస్తావు? నేనడిగింది నాన్న పేరు గురించి. దానికి జవాబు చెప్పు. మిగతాది ఎత్తొద్దు.

బొమ్మ చూశావా అన్నావు. చూశా. నువ్వడక్కపోతే రాసేవాణ్ణి కాదు. దసరా సెలవుల్లో డయానా సీడీల షాపునించి ఒక సీడీ అద్దెకి తెచ్చింది. పాత ఇంగ్లీషు కామెడీలంట, ఒకదాంట్లో ఇరవై ఉన్నాయి. కంప్యూటర్లో పెట్టింది. నేను నా మంచం మీద పేపరు చూసుకుంటున్నా. ఎవడో నిచ్చెన భుజాన పెట్టుకుని మెట్లెక్కుతున్నాడు. పేపరు పక్కన పడేశా.

అదే. దొరల పెళ్ళివిందు. సున్నాలేసేవాడు నిచ్చెనతో లోపలికొస్తాడు. ఎవడో పిలిస్తే ఇటు తిరుగుతాడు, నిచ్చెన అటు తిరుగుద్ది, లావాటి దొర వెళ్ళి కేకులో కూర్చుంటాడు. సారీ చెప్పటానికి అటు తిరుగుతాడు, పోలీసోడి టోపీ పోయి సూపులో పడుద్ది. జడ్జీ, దొరసాని, పెళ్ళి చేసే పాదిరీ, ఒక్కొక్కళ్ళే. చివరికి మేక వచ్చి బల్లమీదెక్కుద్ది. ఇల్లు కూలుద్ది. నిచ్చెనోడు మాత్రం ఎవడు సున్నం వెయ్యమన్నాడో వాణ్ణి వెతుక్కుంటూ పోతూనే ఉంటాడు. వాడికి ఎవరి మీదా కోపం లేదు. ఎవరంటే భయమూ లేదు. నిచ్చెన కిందకి దించడు, అంతే.

డయానా కుర్చీలోంచి కింద పడింది నవ్వలేక. పైవాటా దిల్షాద్ బేగంగారు సేమియా గిన్నె ఇవ్వటానికొచ్చి, కొంగు నోట్లో పెట్టుకుని గోడకి జారబడిపోయింది. ఆవిడకి నా అంత వయసు. "హాయ్ అల్లా, మళ్ళీ వెయ్యమ్మా" అంటది. నేను ముప్పయ్యేళ్ళు గాంధీనగర్‌లో హాల్లో మెషిన్ తిప్పినోణ్ణి. సినిమాలు ముసలివవటం నాకు తెలుసు. ఏడిపించిన సీను పదేళ్ళకి మళ్ళీ వేస్తే జనం ఈలలేస్తారు. గొప్ప హీరోలని వేస్తే కుర్రాళ్ళు మీసాలు చూసి నవ్వుతారు. ఇది మాత్రం, కాలవగట్టున మన పల్లె ఎక్కడెక్కడ నవ్విందో సరిగ్గా అక్కడక్కడే ఈ పిల్లా నవ్వింది, ఆ బేగంగారూ నవ్వింది. అచ్చు గుద్దినట్టు.

"ఇందులో ఏముందే అంత" అన్నా. "పోలీసోడి టోపీ సూపులో పడితే నవ్వకపోతే ఇంకెప్పుడు నవ్వుతాం తాతయ్యా" అంది. ఇంకా, "నువ్వేంటి, నువ్వే కొట్టావన్నట్టు తల దించుకున్నావు?" అంది.

నేను లేచి బయటికెళ్ళిపోయా. సీడీ తిరిగిచ్చేసేదాకా ఆ గదిలో పడుకోలేదు. దానికి కారణం నీకు చెప్పక్కర్లేదు.

నాన్న మాట అన్నావు. నాకర్థమయింది. "పెద్దోడు సిలువని నవ్వులపాలు చేశాడు. వాడికి తండ్రినైనందుకు నా పేరు రాతి మీద వద్దు." ఇదేగా? ఇది నాకు చెప్పటానికి ప్రమాణాలెందుకు? నేను చూశా. కేబిన్ కంతలోంచి చూశా. నాన్న కండువా నోట్లో కుక్కుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. వీపంతా వణికిపోతుంది. కామందు చెర్నాకోలతో కొట్టినప్పుడు కూడా అట్లా ఏడవని మనిషి. అట్లా ఏడ్చి ఏడ్చి, రీలు అవకముందే లేచి తలొంచుకుని వెళ్ళిపోయాడు. ఆ వీపు నాకు ఇప్పటికీ కనపడుద్ది.

అదేనని ఒక్క ముక్క రాసెయ్. నేను అడగటం మానేస్తా.

ఇశ్రాయేలు.


గరికలంక,
18-2-2002.

అన్నయ్యా,

నీ ఉత్తరం అందాక ఐదు రోజులు ఆగాను. నిన్న ఆరాధన అయ్యాక అయ్యగార్ని పక్కకి పిలిచి, చచ్చిపోయిన మనిషికిచ్చిన మాట బతికున్న మనిషిని చంపేస్తుంటే ఏం చెయ్యాలండీ అని అడిగాను. ఆయన చిన్నవాడు, పాల్ ఈడు. "చెప్పెయ్యండి లాజరుగారూ, నా మీద వేసుకోండి" అన్నారు. ఆయన మీదెందుకు, నా మీదే వేసుకుంటున్నాను.

నువ్వు కేబిన్లో ఉండేవాడివి. నీకు కనపడేది తెరా, జనం వీపులూ. నేను తెర పక్కన నిలబడి జనం వైపు తిరిగి చెప్పేవాణ్ణి. బొమ్మ నాకు ఓరకంటే. నాకు కనపడేది మొహాలు.

పిలాతు చేతులు కడుక్కున్నాడు. రీలు అయిపోయింది. ఒకటే మెషిన్ గనక నువ్వు మార్చేదాకా చీకటి, ఆడాళ్ళ వెక్కిళ్ళు. మళ్ళీ తెర వెలిగింది. ఒకడు నిచ్చెన మోసుకొస్తున్నాడు. కోటు తొడుక్కున్నాడేంటా అని ఒక్క క్షణం అనుమానమొచ్చింది. రోమావాళ్ళలో ఇట్లాంటోళ్ళూ ఉంటారేమోలే అనుకున్నాను. సిలువకి మేకులు కొట్టాలంటే నిచ్చెన కావాలిగా మరి. నోటికి అలవాటైన గొంతుతో బాకాలో అందుకున్నాను: "అదిగో సోదర సోదరీలారా! కఠినాత్ముడు! నిచ్చెన తెచ్చుచున్నాడు!"

పల్లె గొల్లున ఏడ్చింది. మన శౌరమ్మత్త గుండెలు బాదుకుంది. నాన్న రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకున్నాడు.

వాడు తిరిగాడు. నిచ్చెన తిరిగింది. దొర కేకులో కూర్చున్నాడు.

ఎవ్వరూ నవ్వలేదన్నయ్యా. అదే చెప్తున్నా. ఊపిరి కూడా పీల్చలేదు. నాన్న కళ్ళు తెరిచాడు. దొర మూతి మీద మీగడ. మన నాన్న ఆ దొరని అట్లాగే చూస్తున్నాడు. ఆయన వెనక బెంచీల మీద మన కామందులు నలుగురు కూర్చుని ఉన్నారు. అప్పుడు నిచ్చెన రెండోసారి తిరిగి పోలీసోడి టోపీ ఎగిరింది. ముందు నాన్న ముక్కులోంచి ఒక శబ్దం వచ్చింది. గుర్రం సకిలించినట్టు. పల్లెలో మొట్టమొదట నవ్వింది నాన్న. ఆ శబ్దానికి నేను నవ్వాను. ఆ తరవాతే జనం. డేరా గుంజలు కదిలిపోయాయి.

ఆయన కండువా నోట్లో కుక్కుకున్నది ఏడుపాపుకోటానికి కాదు. ఆ భుజాలు ఏడుపుకి ఎగరలేదు. కళ్ళలో నీళ్ళు ధారగా కారుతున్నాయి, పళ్ళన్నీ కనపడుతున్నాయి. ఇరవై రెండేళ్ళు ఆయన కొడుకునై నేనెప్పుడూ ఆ పళ్ళు చూళ్ళేదు. కింది వరసలో రెండు లేవని ఆ రోజే తెలిసింది. ఇంక ఆగలేక లేచి, తలొంచుకుని కాలవ వైపు పరిగెత్తాడు.

ఆయన్ని ఎవరూ తియ్యలేదన్నయ్యా. ఆదివారం ఆయనే లేచి నిలబడి, "నాకు పెద్దరికం తగదు" అని గుడి తాళంచెవి బల్లమీద పెట్టాడు. సంఘం, కొడుకుల తప్పుకి సిగ్గుపడ్డాడనుకుంది. నేనూ అట్లాగే అనుకున్నాను. పోయే ముందు నాకు చెప్పాడు: "లాజరూ, ప్రభువు సిలువ దగ్గర నేను నవ్వాను. నాలుక కొరుక్కున్నా, ఆగలేదురా. కొరడా ఎత్తినోళ్ళు అట్లా ఒకళ్ళ తరవాత ఒకళ్ళు పడతంటే ఆగలేదు. నా పేరు ఎక్కడా రాయించొద్దు. ఎవరికీ చెప్పొద్దు. పెద్దోడికి అసలు చెప్పొద్దు."

అన్నాక ఇంకొకటి అన్నాడు. అది రాయకపోతే ఈ ఉత్తరం అబద్ధం అవుద్ది. "వాడు గుమ్మంలోకొచ్చినప్పుడల్లా లేచెళ్ళిపోయా. వాడి మొహం చూస్తే నిచ్చెన గుర్తొస్తదిరా. నవ్వొచ్చేస్తది. మళ్ళీ మళ్ళీ అదే పాపం చెయ్యలేక దొడ్లోకి పోయేవాణ్ణి. వాడేమనుకున్నాడో."

పాల్‌ని ఎత్తుకుని పాకలోకి పోయినరోజు నేను అక్కడే ఉన్నాను. లోపల పిల్లాణ్ణి గుండెకి ఆనించుకుని నవ్వుతున్నాడు. నేను మనవడు పుట్టిన సంతోషమనుకున్నాను.

మాట తప్పాను. నన్ను క్షమించమని నాన్నని అడగాలో నిన్ను అడగాలో తెలీటం లేదు. డబ్బాలు తప్పు సర్దినందుకు రోజూ సిగ్గుపడతాను. కానీ ఆ తప్పు చెయ్యకపోతే నాన్న పళ్ళు చూసేవాణ్ణి కాదు గదా అని కూడా అనిపిస్తుంది. ఇది కూడా పాపమేనేమో.

చెక్కేవాడు వచ్చే నెల పద్దెనిమిదో తారీఖున పని మొదలుపెడతాడు. నాన్న మాట నాన్న మాటే. పేరు ఉండదు.

లాజరు.


పటమట.
6-3-2002, బుధవారం.

లాజరూ,

మూడు ఉత్తరాలు రాసి చించా. ఇది చించను.

డబ్బాలు నువ్వు సరిగ్గానే సర్దావు.

నువ్వు సర్ది, "పేర్లు చదివి పెట్టానన్నయ్యా, కదపొద్దు" అని చెప్పి తెల్లచొక్కా తొడుక్కోటానికెళ్ళావు. బసవపున్నయ్యగారు అక్కడే బీడీ కాల్చుకుంటున్నాడు. "తమ్ముడు హెడ్డు, నువ్వు అసిస్టెంటు అన్నమాట" అన్నాడు నవ్వుతూ. కదపొద్దన్నావు. ఆపరేటర్ని నేను. మెషిన్ నాది. నాకు ఇంగ్లీషు రాదు గానీ డబ్బాలమీద నా సుద్దగుర్తులు నాకున్నాయి. ఏసుప్రభువు డబ్బాలకి అడ్డగీత, కామెడీవాటికి సున్నా. డబ్బాలు పడవలో తెచ్చేటప్పుడు అడుగున చేరిన నీళ్ళల్లో ఆ గుర్తులు కరిగిపోయాయని నాకు అప్పుడే కనపడింది. నిన్ను పిలిచి అడగొచ్చు. అడగలా. నాకు తెలుసని ఆయనకి చూపించటానికి డబ్బాలన్నీ దించి, తుప్పు చూసీ బరువు చూసీ మళ్ళీ పేర్చా. అట్లా పడింది నిచ్చెనోడి రీలు.

ఇది ఒకటి. రెండోది వినుకో.

తెరమీద వాడు కనపడగానే నాకు తెలిసింది. మెషిన్లో ఆర్కు దీపం ఆపే పిడి నా చేతికి జానెడు దూరం. లాగితే తెర నల్లగా అయిపోద్ది. దీపంలో కార్బన్ కడ్డీ విరిగిందంటే సరిపోద్ది, రోజూ విరిగేదే. లాగలా. ఎందుకంటే నేను నవ్వుతున్నా. నువ్వు "కఠినాత్ముడు, నిచ్చెన తెచ్చుచున్నాడు" అన్నావు చూడు, అప్పుడే మొదలయింది. కేబిన్ గోడకి తల ఆనించి, ఎవడికీ వినపడకుండా పొట్ట పట్టుకుని నవ్వా. సిలువ బొమ్మ అని గుర్తుంది. మంచి శుక్రవారమని గుర్తుంది. అయినా నవ్వా. నాన్న వీపు చూశాకే ఆగింది నవ్వు. నువ్వు నవ్వావని నలభై మూడేళ్ళు తిట్టుకున్నానే, నేను నీకంటే ముందు నవ్వా.

మూడోది. ఇదే రాయలేక మూడు చించింది.

మర్నాడు పొద్దున బసవపున్నయ్యగారు అడిగాడు, డబ్బాలు సర్దిందెవరని. ఆయన కళ్ళ ముందే తిరగపేర్చా గదా, మర్చిపోయాడో, నా చేత చెప్పించాలనుకున్నాడో. "లాజరు" అన్నా. ఒకటే మాట. అబద్ధం కాదుగదా, ముందు సర్దింది వాడేగా అని నాకు నేనే చెప్పుకున్నా. నువ్వు డేరా బయట చేతులు కట్టుకుని నిలబడి ఉన్నావు. సంచీ భుజానేసుకుని కాలవగట్టు పట్టుకుని పోయావు. వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపావు. నేను కార్బన్లు తుడుచుకుంటున్నట్టు తల దించుకున్నా. నీ గొంతు అట్లాంటిది, చిన్నప్పట్నించీ జనం నీ నోటికోసం చూసేవాళ్ళు. ఆ గొంతుతో నువ్వు ఊడ్పుల్లో కూలికి పోయావు. నేను బెజవాడ వచ్చి హాల్లో పర్మినెంటు అయ్యా. పెన్షను తింటున్నా.

నీ మీద కోపం ఎందుకు పెంచుకున్నానో ఇప్పుడు నాకే కనపడుతుంది. అది లేకపోతే నా మీద నాకుండాల్సింది వచ్చి మీద పడుద్ది గనక.

నాన్న లేచెళ్ళిపోయింది నవ్వాపుకోలేకని నువ్వు రాసిన ఆ నాలుగు లైన్లు చదవటానికి నాకు పొద్దున మొదలెడితే మధ్యాన్నమయింది. అక్షరాలు రాక కాదు. పన్నెండేళ్ళు ఆ మనిషి దొడ్లో నిలబడి నవ్వుకుంటున్నాడు, నేను గుమ్మంలో నిలబడి చచ్చిపోతున్నా. మధ్యలో తడిక. నేను ఒక్కసారి, ఒక్కసారి, "నాన్నా, ఆ రీలు వేసింది నేనే, నాకూ నవ్వొచ్చింది" అని లోపలికెళ్ళి చెప్పి ఉంటే? ఇద్దరం ఒకే పాపం చేశామని తెలిసి ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేది. పరువు అడ్డొచ్చింది. పరువు. ఆపరేటర్ పరువు.

డయానాని పిలిచి ఆ సీడీ మళ్ళీ తెప్పించా. చూశా. పూర్తిగా చూశా. నిచ్చెన మొదటిసారి తిరిగినప్పుడు నవ్వొచ్చింది. సిగ్గు కూడా అప్పుడే వచ్చింది. అరవై తొమ్మిదేళ్ళవాణ్ణి, మనవరాలి ముందు మొహం కండువాలో పెట్టుకున్నా. అది నవ్వుతున్నాననుకుంది. అనుకోనీ.

నిన్ను క్షమించమని రాయను. ఆ మాట రాయటం సులువు, అందుకని. నీకు పోయింది నేను తిరిగివ్వలేను. ఇవ్వగలిగింది ఒకటే ఉంది, అది ఇప్పించటం నీ చేతుల్లో ఉంది.

నాన్న పేరు రాయి మీద ఉండాలి. నాన్న మాట అంటావు. ఆ మాట ఆయన సిగ్గులోంచి వచ్చింది. ఆ సిగ్గు ఆయనది కాదు, నాది. నాది నాకిచ్చెయ్యమను.

ఆదివారం ఆరాధనలో ఈ ఉత్తరం పైనించి కింది దాకా చదువు. నీ గొంతుతో చదువు, బాకా అక్కర్లేదు. డబ్బాలు తిరగపేర్చింది ఇశ్రాయేలని చదువు. లాజరు మీద అబద్ధం చెప్పింది ఇశ్రాయేలని చదువు. మా నాన్న యాకోబు నవ్వాడని కూడా చదువు, దాచొద్దు. సిలువ దగ్గర నవ్వినోడి పేరు ఎట్లా చెక్కిస్తామని ఎవడన్నా లేస్తే, ఒక మాటడుగు. యాభై తొమ్మిదిలో ఆ ఇసకలో కూర్చున్నోళ్ళు ఇప్పుడు ఎంతమంది బతికున్నారో లేచి నిలబడమను. ఆ రోజు నవ్వనోళ్ళని కూర్చోమను. ఎవడు కూర్చుంటాడో నేను చూస్తా. పల్లె మొత్తం నవ్వి, ఇళ్ళకెళ్ళి అన్నం తిని పడుకుంది. లేచి నిలబడి తాళంచెవి బల్లమీద పెట్టింది ఆయనొక్కడే. పెద్దరికమంటే అదిగాక ఇంకేంటో మీ సంఘాన్ని చెప్పమను.

చెక్కేవాడు పద్దెనిమిదిన మొదలెడతాడన్నావు. కాబట్టి పదో తారీఖు ఆదివారం చదివి, వాళ్ళేమన్నారో వెంటనే రాసి పోస్టులో వెయ్. మార్చి పదిహేను, శుక్రవారం సాయంత్రం పోస్టు దాకా చూస్తా. "చెక్కిస్తాం" అన్న ఒక్క ముక్క చాలు. నా గురించి నువ్వేమనుకుంటున్నావో రాయాలనిపిస్తే రాయి, రాయకపోయినా నాకడిగే మొహం లేదు.

శుక్రవారానికి ఉత్తరం రాకపోతే శనివారం తెల్లారి అవనిగడ్డ బస్సెక్కుతా. ఆదివారం గుళ్ళో బల్లపక్కన నిలబడి ఇదంతా నేనే చదువుతా. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదవటానికి నాకెంతసేపు పడుద్దో నీకు తెలుసు. అయ్యేదాకా ఎవణ్ణీ లేవనివ్వను. అంతదాకా తెచ్చుకోవద్దని అయ్యగారికి చెప్పు. పదిహేను, శుక్రవారం.

ఇశ్రాయేలు.